బళ్ళారి రాఘవ

భివండీలోని ధామన్కర్ నాకా దగ్గర సాయంకాలం కొద్దిసేపు నిలబడితే చాలు, తెలుగు, మరాఠీ, హిందీ, ఉర్దూ నాలుగు భాషలూ చెవిన పడతాయి. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుండి సాంచాల పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇంటిలో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడుతూ రోజు గడుపుతాయి. నూరేళ్ళకు పూర్వం బళ్ళారి కూడా ఇటువంటి పట్టణమే. అది అప్పటి మద్రాసు రాజధానిలో ఒక జిల్లా కేంద్రం. పత్తి వ్యాపారానికీ, సైనికుల దండుకూ పేరుపొందిన ఊరు. అక్కడ కన్నడం మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడేవారు పక్కపక్క వీధులలో నివసించేవారు. కచేరీలలో ఇంగ్లీషు చెలామణి అయ్యేది. పక్కనే ఉన్న సండూరు సంస్థానాన్ని మరాఠా ప్రభువులు పాలించేవారు. తెలుగు నాటకం పెరిగి పెద్దదైన ఊళ్ళలో ఈ బళ్ళారి ఒకటి. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకున్న మహానటుడు రాఘవ.

రాఘవ కథ చెప్పాలంటే ముందు ఇద్దరు వకీళ్ళను గురించి చెప్పాలి. ఒకరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. రెండవవారు కోలాచలం శ్రీనివాసరావు. ఇద్దరూ పగలు కోర్టులో వాదించేవారు. రాత్రి దీపం ముందు కూర్చుని నాటకాలు రాసేవారు. రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ అనే నాటక సమాజాన్ని స్థాపించారు. ఆయన రాసిన చిత్రనళీయం 1887లో ప్రదర్శింపబడింది. తెలుగు నాటకంలో పాటలు ప్రవేశపెట్టినవారిలోనూ, కథను దుఃఖంతో ముగించడానికి సాహసించినవారిలోనూ ఆయన ముఖ్యులు. విషాదసారంగధర నాటకం అట్టిది. అంతవరకు నాటకమంటే చివరకు అందరూ సుఖంగా ఉండవలసినదే. చనిపోయినవారిని కూడా దేవతలు వచ్చి బ్రతికించవలసినదే! శ్రీనివాసరావు సుమనోరమ సభకు నాయకులు. ఆయనకు చరిత్రమీద మక్కువ ఎక్కువ. హంపీ శిథిలాలు బళ్ళారికి దగ్గరే కదా! విజయనగర పతనాన్ని ఆయన రామరాజు చరిత్రగా నాటకీకరించారు. ఈ రెండు సభలకూ మధ్య పోటీ ఉండేది. ఆ పోటీవల్ల నష్టపోయినవారు లేరు. ఊరికి మాత్రం ఏటేటా కొత్త నాటకాలు లభించాయి.

ఆ నాటకాల ప్రభావం బళ్ళారితో ఆగలేదు. 1891లో రామకృష్ణమాచార్యులు తమ సమాజంతో మద్రాసు వెళ్ళి నాటకాలు ప్రదర్శించారు. వాటిని చూసినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారు అనే తమిళ యువకుడు ఉన్నాడు. చదువుకున్న పెద్దమనుషులు ముఖానికి రంగు పూసుకొని నటించడం అతనికి ఆశ్చర్యం కలిగించింది. అదే సంవత్సరం అతడు మద్రాసులో సుగుణవిలాస సభను ప్రారంభించాడు. తరువాతి కాలంలో ఆధునిక తమిళ నాటకానికి మూలపురుషుడుగా పేరు పొందినవాడు అతడే. అనగా ఒక తెలుగు సమాజం చూపిన దారిన తమిళ నాటకం కూడా ముందుకు సాగిందన్నమాట.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు. రామకృష్ణమాచార్యులు ఆయనకు స్వయాన మేనమామ. కాబట్టి నాటకం ఆయనకు ఇంటి విద్య. మేనమామ ఇంటిలో పాత్రల పంపకాలు, రిహార్సళ్ళు, అర్ధరాత్రివరకు సాగే చర్చలు చూస్తూ ఆ బాలుడు పెరిగాడు. బళ్ళారిలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రుడై, మద్రాసులోనే న్యాయశాస్త్రం చదివి, 1905లో బళ్ళారిలో వకీలుగా స్థిరపడ్డారు. షేక్స్పియరు నాటకాలంటే ఆయనకు ప్రాణం. వాటిని ఇంగ్లీషులోనే ప్రదర్శించడానికి బళ్ళారిలో ఒక క్లబ్బు కూడా నడిపారు.

క్రిమినలు కేసులు వాదించడంలో రాఘవకు గొప్ప పేరుండేది. కోర్టులో రకరకాల మనుషులు ఆయన ముందు నిలబడేవారు. అబద్ధం చెప్పేవాడి కళ్ళు, నిజం చెప్పలేక తడబడే సాక్షి గొంతు, శిక్ష విన్న ఖైదీ మౌనం, ఇవన్నీ దగ్గరనుంచి చూసే అవకాశం నటులలో ఎందరికి దొరుకుతుంది? జీవనానికి వకీలు వృత్తి ఉన్నందువల్ల నాటకాన్ని ఆయన డబ్బుకోసం ఆడవలసిన అవసరం రాలేదు. నాటకాలమీద వచ్చిన సొమ్మును మంచి పనులకు విరాళంగా ఇచ్చేవారు. ప్రేక్షకుల మెప్పుకోసం తలవంచవలసిన అవసరం లేకపోవడమే ఆయన చేసిన ప్రయోగాలకు పెద్ద బలమయింది.

ఆ ప్రయోగమేమిటో తెలియాలంటే ఆనాటి తెలుగు నాటక ప్రదర్శనలు ఎట్లా ఉండేవో తెలియాలి. నటుడికి ఉండవలసిన మొదటి గుణం గొంతు. పద్యం ఎత్తుకొని, రాగం తీసి, చివరి పాదంమీద ఎంతసేపు నిలబడగలిగితే అంత గొప్ప. ప్రేక్షకులు చప్పట్లు కొట్టి వన్స్ మోర్ అని కేకవేస్తే, పాడిన పద్యమే మళ్ళీ పాడేవారు. హరిశ్చంద్రుడు కాటిలో కొడుకు శవాన్ని చూస్తూ కూడా రాగాలాపన చేసేవాడు. చూసేవారికి అందులో వింత ఏమీ కనిపించేది కాదు.

రాఘవకు అది వింతగా కనిపించింది. కొడుకు చనిపోయిన తండ్రి పాడతాడా? ఆయన పద్యాలను తగ్గించారు. ఉన్నవాటిని కూడా సాగదీయకుండా, మాటకు దగ్గరగా, అర్థం తెలిసేటట్లు చదివేవారు. కంఠానికి బదులు కళ్ళు, నడక, చేతి కదలిక, మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం ఈ పనులు చేసేవి. నాటకంలో ఒకరు మాట్లాడుతున్నప్పుడు పక్కనున్న నటుడు దిక్కులు చూస్తూ నిలబడటం అప్పటి అలవాటు. వినడం కూడా నటనేనని రాఘవ తన పక్కనున్న నటులకు నేర్పేవారు. రామరాజు చరిత్రలో ఆయన ధరించిన పఠాన్ రుస్తుం పాత్ర దేశమంతటా ప్రసిద్ధికెక్కింది. శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టిన మనిషి రంగస్థలంమీద పఠానుగా నిలబడితే, చూసేవారికి పఠానే కనిపించేవాడని ఆనాటి పెద్దలు చెప్పుకునేవారు. పక్క వీధిలో ఉర్దూ వినిపించే ఊళ్ళో పెరగడం ఈ పాత్రకు కలిసివచ్చి ఉంటుంది. దుర్యోధనుడు, చాణక్యుడు, హిరణ్యకశిపుడు, షైలాకు మొదలైన పాత్రలుకూడా ఆయనకు కీర్తి తెచ్చాయి. తెలుగేగాక కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషలలో కూడా ఆయన నటించారు.

1927లో గాంధీజీ అనారోగ్యంవల్ల మైసూరు సంస్థానంలో విశ్రాంతి తీసుకున్నారు. ఆ సమయంలో రాఘవ బృందం దీనబంధు కబీరు అనే హిందీ నాటకం ప్రదర్శించగా ఆయన చూసి ఆనందించారు. ఆ తరువాత కొద్దికాలానికే రాఘవ ఇంగ్లండు మొదలైన ఐరోపా దేశాలు పర్యటించి, అక్కడి నాటకాలు చూశారు. ప్రఖ్యాత నాటకకర్త బెర్నార్డ్ షాను కూడా కలుసుకున్నారు. అక్కడి రంగస్థలంమీద స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించేవారు. ఈ విషయంలో రాఘవ ఆలోచన మరింత గట్టిపడింది.

మన దేశంలో అప్పటికి స్త్రీ పాత్రలు వేసేది ఎక్కువగా పురుషులే. ఆ వేషాలు వేసినవారిని తక్కువచేసి చూడరాదు. మరాఠీ రంగస్థలంమీద బాలగంధర్వ స్త్రీ వేషంలో కనిపిస్తే, ఆయన చీర కట్టిన తీరును చూసి ఇళ్ళలోని స్త్రీలు అనుకరించేవారు. తెలుగువారిలో స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే పురుషుడని చెప్పినా నమ్మేవారు కాదు. అది గొప్ప కళే. అయినా, రాఘవ అడిగిన ప్రశ్న వేరు. స్త్రీ దుఃఖాన్నీ, కోపాన్నీ స్త్రీయే చెప్పకూడదా? రంగస్థలం గౌరవనీయమైనదైతే, గౌరవంగల కుటుంబాల స్త్రీలు అక్కడికి ఎందుకు రాకూడదు?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం సులభం కాదు. నాటకాలలో నటించే స్త్రీని సంఘం చిన్నచూపు చూసే కాలమది. రాఘవ స్వయంగా చదువుకున్న స్త్రీలను ప్రోత్సహించి, శిక్షణ ఇచ్చి, తమతో సమానంగా రంగస్థలం ఎక్కించారు. కొమ్మూరి పద్మావతీదేవి, కాప్పగల్లు సంజీవమ్మ అట్లా వచ్చినవారే. ముఖ్యంగా పద్మావతీదేవి చూపిన ధైర్యం తక్కువది కాదు. రాఘవకు పేరూ, వృత్తీ, వయస్సూ అండగా ఉన్నాయి. ఆమెకు అవేవీ లేవు. విమర్శలు వస్తే ముందుగా తగిలేది ఆమెకే. 1930 ప్రాంతంలో పి. వి. రాజమన్నారు రాసిన తప్పెవరిది నాటకాన్ని రాఘవ ప్రదర్శించినప్పుడు అందులో పద్మావతీదేవి నటించారు. భార్యాభర్తల జీవితాన్ని గురించిన ఆ సాంఘిక నాటకంలో రాజులు లేరు, కిరీటాలు లేవు. మామూలు ఇల్లు, మామూలు మాటలు. రచయిత రాజమన్నారు తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. దాదాపు అదే కాలంలో, 1933లో, బొంబాయిలో నాట్యమన్వంతర్ సంస్థ ఆంధళ్యాంచీ శాళా అనే మరాఠీ నాటకాన్ని స్త్రీలతోనే స్త్రీ పాత్రలు వేయించి ప్రదర్శించింది. ఒకరి సంగతి ఒకరికి తెలిసినా తెలియకపోయినా, రెండు భాషల నాటకాలూ ఒకే మలుపు తిరుగుతున్నాయి.

అంతలో సినిమా వచ్చింది. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం చిత్రంలో రాఘవ దుర్యోధనుడుగా నటించారు. అదే కథతో అదే సంవత్సరం ద్రౌపదీ వస్త్రాపహరణం అనే మరో చిత్రం కూడా విడుదలయింది. అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ. జనం ఆ రెండవ చిత్రానికే బ్రహ్మరథం పట్టారు. రాఘవ చిత్రం దెబ్బతిన్నది. రంగస్థలంమీద ఎదురులేని నటుడికి ఇది చేదు అనుభవమే. మూడేళ్ళ తరువాత, 1939లో, గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ చిత్రంలో రాఘవ కిరీటం తీసి తలపాగా చుట్టారు. జమీందారు చేతిలో నలిగిపోయే రైతు పాత్ర అది. జమీందార్లకు ఆ చిత్రం కోపం తెప్పించింది. కొన్నిచోట్ల అది నిషేధానికి కూడా గురయింది. 1940లో చండిక చిత్రంలో నటించిన తరువాత ఆయన సినిమాలకు దూరమయ్యారు.

రాఘవ 1946 ఏప్రిల్ 16వ తేదీన కన్నుమూశారు. ఆయన కోరిన మార్పులన్నీ ఆయన కళ్ళముందు జరగలేదు. పద్య నాటకం తెలుగునాట చెక్కుచెదరకుండా కొనసాగింది. వన్స్ మోర్ కేకలు ఆగలేదు. మంచి పద్యం విన్నప్పుడు తెలుగువాడి ప్రాణం లేచివస్తుంది, అది మానుకొమ్మంటే మానుకోలేడు. స్త్రీల విషయంలో మాత్రం ఆయన అనుకున్నదే నిలిచింది. పద్మావతీదేవి సినిమాలలోనూ నటించారు.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఊరు ఏ రాష్ట్రానికి చెందాలన్న వాదం చాలాకాలం సాగింది. రాఘవ ఎవరివాడన్న వాదం మాత్రం ఎవరూ చేయలేదు. తెలుగువారూ, కన్నడిగులూ ఇరువురూ ఆయనను తమవాడనే చెప్పుకున్నారు. 1981లో భారత ప్రభుత్వం ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది. బళ్ళారిలో ఆయన పేరుమీద రాఘవ కళామందిరం వెలిసింది. ఆ మందిరం వేదికమీద తెలుగు నాటకాలూ, కన్నడ నాటకాలూ రెండూ ప్రదర్శింపబడుతూ వచ్చాయి.