విప్పి చూస్తేనే విద్య

పాత వాల్వ్ రేడియో ఆన్ చేస్తే గుంయ్‌మని హోరు. పాట వచ్చినా బొంగురు గొంతే. వాల్వులు పోయాయనుకుంటాం. విప్పి చూస్తే, చాలాసార్లు తప్పు చిన్న కెపాసిటర్లది. ఏది అరిగిందో కనిపెట్టి, దాన్నొక్కదాన్నే మార్చడమే పనితనం. అలాంటి పనితనంతోనే ఎదిగిన తెలుగింటి మనిషి జి.డి.నాయుడు. ఐదు వాల్వుల రేడియోను మన దేశంలోనే 70 రూపాయలకు తయారు చేయగలనని 1941లో ప్రకటించారు. ఆయనకు ఇంజినీరింగ్ డిగ్రీ లేదు!

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. బడి అంటే పడేది కాదు. కుర్రతనంలో ఒక ఇంగ్లిష్ అధికారి మోటార్ సైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, పైసా పైసా కూడబెట్టి బండి కొన్నారు. కొన్నాక చేసిన పని... దాన్ని మొత్తం విప్పి, మళ్లీ బిగించడం. అదే ఆయన మొదటి ల్యాబ్.

1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి దేశీయంగా ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేయించారు.

ఇక ఆ రేడియో సంగతి. మామూలు ఐదు వాల్వుల సెట్టులో ఒకటి స్టేషన్ ఫ్రీక్వెన్సీని మారుస్తుంది, రెండోది సిగ్నల్ పెంచుతుంది, మూడోది అందులోంచి శబ్దాన్ని విడదీస్తుంది, నాలుగోది స్పీకర్‌ను మోగిస్తుంది, ఐదోది ఏసీని డీసీ చేస్తుంది. మూడు, నాలుగు వాల్వుల మధ్య ఉండే కాగితపు కెపాసిటర్ లీకైతే గొంతు బొంగురు పోతుంది, నాలుగో వాల్వు వేడెక్కి పాడవుతుంది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలైటిక్ ఎండిపోతే హోరు. అదే విలువది, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజీ తట్టుకునేది వేయాలి. ఏ భాగం ఏం పని చేస్తుందో తెలిస్తేనే రిపేరు వస్తుంది. 70 రూపాయల లెక్క వేయాలన్నా ఆ ఎరుకే కావాలి.

1945లో ఆర్థర్ హోప్ ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. పదవి వదిలేశారు. 1952లో 2 వేల రూపాయల కారు తెస్తానంటే లైసెన్సు రాలేదు. అన్నీ ఆయన అనుకున్నట్టు జరగలేదు. అయినా 1974లో కన్నుమూసే నాటికి కోయంబత్తూరు పరిశ్రమల చరిత్రలో చెరగని పేరు.

డిగ్రీ వద్దని కాదు. ఆయన కాలం వేరు, మన పోటీ వేరు. కానీ బెల్లంపల్లి పాలిటెక్నిక్ అయినా, హైదరాబాద్ బీటెక్ అయినా, ఏం చదివావన్న ప్రశ్న తర్వాత ఇంటర్వ్యూలో వచ్చేది ఏం చేశావన్న ప్రశ్నే. ఇంట్లో సజ్జ మీద మూలనపడ్డ రేడియో ఉంటే దించండి. తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకోండి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లు షాక్ కొడతాయి. అరిగిన భాగం ఏదో మీరే పట్టుకోండి. రెజ్యూమెలో ధైర్యంగా రాసుకునే మొదటి లైను అదే కావచ్చు.