అన్నపూర్ణ డొక్కా సీతమ్మ గారు

ఈసారి గోడపత్రికకు ఎవరైనా గొప్ప వ్యక్తి జీవితం రాయమని మేడమ్ చెప్పగానే నాకు డొక్కా సీతమ్మ గారు గుర్తొచ్చారు. మన షోలాపూర్‌కూ ఆవిడకూ ఏ సంబంధమూ లేదు. మనం సాంచాల చప్పుడులో పెరిగినవాళ్లం, ఆవిడ గోదావరి లంకల మనిషి. అయినా ఎందుకు గుర్తొచ్చారో చివర్లో చెప్తాను.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. ఆకలితో వచ్చినవారికి లేదనకుండా పెట్టేవారు కాబట్టి ఊళ్లో ఆయన్ని బువ్వన్న అనేవారట. తల్లి చిన్నప్పుడే పోవడంతో వంటిల్లు సీతమ్మ గారి చేతికి వచ్చింది. లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్న పంతులు గారితో పెళ్లయింది.

ఆ ఊరు వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. రేవు దాటి వచ్చేవాళ్లు అలిసిపోయి, ఆకలితో వచ్చేవారు. అందరికీ ఆ ఇల్లే దిక్కు. గోదావరి పొంగితే లంకలు మునిగేవి. పంట పోయి, కొంప పోయి, పిల్లల్ని చంకనేసుకుని జనం గట్టెక్కేవారు. అలాంటప్పుడు ఆవిడ కులం అడగలేదు, వేళ చూడలేదు. అర్ధరాత్రి అయినా పొయ్యి వెలిగించేవారు.

ఒకసారి అంతర్వేది దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని తల్లిదండ్రులు ఓదారుస్తూ, కాసేపట్లో సీతమ్మ గారింటికి చేరతామని చెప్పడం ఆవిడ చెవిన పడింది. దేవుడి దర్శనం మానుకుని వెంటనే వెనక్కి తిరిగారని చెప్తారు.

పెట్టీ పెట్టీ ఆస్తి కరిగిపోయింది. పెట్టడం మాత్రం ఆపలేదు. ఆవిడ పేరు ఇంగ్లండు దాకా వెళ్లిందనీ, ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొస్తే వెళ్లలేదనీ, ఆవిడ ఫొటో తెప్పించుకున్నారనీ చెప్పుకుంటారు. 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద ఉన్న అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ 2024లో ఆవిడ పేరు పెట్టారు.

ఇక నా సంగతి. ఒక వానాకాలం రాత్రి మా గల్లీ కింది ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఎవరో మా తలుపు కొట్టారు. తెల్లారితే నాకు పరీక్ష. నిద్రపోయినట్టు పడుకున్నాను. మా నాయనమ్మ లేచి తలుపు తీసింది. తడిసి వచ్చిన తల్లికీ ఇద్దరు పిల్లలకూ మా చద్దర్లు కప్పి, ఆ వేళప్పుడు జొన్నరొట్టెలు కాల్చింది. 1993 సెప్టెంబరు 30న కిల్లారి భూకంపం వచ్చినప్పుడు కూడా మా గల్లీ ఆడవాళ్లు ఇలాగే రొట్టెలు చేసి, శేంగా చట్నీ కట్టి, చద్దర్లతో పాటు లారీకెక్కించారని తర్వాత నాన్న చెప్పాడు. నాయనమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అప్పటికి ఆమె బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది.

సాయం చెయ్యాలంటే బాగా ఉన్నవాళ్లయి ఉండాలని నేననుకునేదాన్ని. సీతమ్మ గారి కథ చదివాక అర్థమైంది, ఆ రాత్రి నాకు లేనిది డబ్బు కాదు, లేచే మనసు. పరీక్ష ఎలాగో రాశాను, మార్కులు కూడా గుర్తులేవు. ఆ తలుపు చప్పుడు మాత్రం గుర్తుంది. మళ్లీ ఎవరైనా కొడితే ముందు నేనే లేవాలని దీన్ని ఇక్కడ, మీ అందరి ముందు రాసి పెడుతున్నాను.