పసిమనసు నెఱిగిన వైద్యుడు జాన్ బౌల్బీ

పసిబిడ్డకు పాలు, బట్ట, పడక అమర్చినచో పెంపకము ముగిసినట్లేయని పెద్దలనేకులు తలచిన కాలమున, తనవారి తోడు బిడ్డకు అన్నముతో సమానమని శాస్త్రరీతిని చాటిన మహనీయుడు జాన్ బౌల్బీ.

ఆయన 1907వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి ప్రఖ్యాత శస్త్రవైద్యుడు. ఆరుగురు సంతానములో ఈయన నాల్గవవాడు. ఆనాటి ఆంగ్ల సంపన్న గృహములలో బిడ్డలు దాదుల చేతులలో పెరుగుచుండిరి. తల్లి దర్శనము దినమునకు ఒక గంట మాత్రమే. నాలుగేండ్లు నిండకమునుపే, తన్ను ప్రేమతో సాకిన దాది కొలువు విడిచి వెడలిపోయెను. ఆ వెలితిని ఆయన పెద్దవాడైన పిమ్మటను మఱువలేదు.

కేంబ్రిడ్జిలో చదివి, దారితప్పిన పిల్లల పాఠశాలలో కొంతకాలము పనిచేసి, పిదప మనోవైద్యుడయ్యెను. 1944లో దొంగతనము మరగిన 44 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. వారిలో ఎవరియందును మమకారము లేనివారుగా కన్పట్టిన 14 మందిలో 12 మంది శైశవమున చిరకాలము తల్లికి ఎడమైనవారే. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకొఱకు వ్రాసిన నివేదికతో ఆయన పేరు దేశదేశముల వ్యాపించెను.

అప్పటి ఆంగ్ల ఆసుపత్రులలో రోగియైన బిడ్డను చూచుటకు తల్లిదండ్రులను మిక్కిలి కొలది వేళలందే రానిచ్చెడివారు. బిడ్డ మొదట ఏడ్చి, పిదప క్రుంగి, తుదకు మౌనము వహించును. ఆ మౌనమునే సిబ్బంది నెమ్మదియని భ్రమించిరి. బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో రెండేండ్ల బాలిక ఆసుపత్రివాసమును చలనచిత్రముగా తీసి ఈ సత్యమును కన్నులకు కట్టించెను. వైద్యులు పలువురు కినుక వహించిరి. అయినను 1959లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల రాకపై నిర్బంధములు తొలగింపవలెనని సిఫారసు చేసెను.

మేరీ ఎయిన్స్‌వర్త్ అను విదుషి ఉగాండాలోను, అమెరికాలోని బాల్టిమోరులోను తల్లీబిడ్డలను వారి యిండ్లయందే పరిశీలించి బౌల్బీ సిద్ధాంతమునకు బలము చేకూర్చెను. ఏడుపులోని అర్థము గ్రహించి చేరదీయు తల్లికడ పెరిగిన శిశువు, ఆమె కొంతసేపు కనుమఱుగైనప్పుడు ఏడ్చినను, తిరిగిరాగానే ఊఱడిల్లి మరల ఆటలో పడును. నమ్మదగిన ఒడి గల బిడ్డయే ధైర్యముగా లోకమును చూడబోవును.

బౌల్బీ తల్లికే అధిక ప్రాధాన్యమొసగెనని కొందఱు ఆక్షేపించిరి. తండ్రియైనను, అవ్వయైనను, ప్రేమతో పెంచినవారెవరైనను ఆ ఆశ్రయము కాగలరని పిదపటి పరిశోధనలవలన తేలెను.

1969 మొదలు 1980 వఱకు మూడు సంపుటములలో తన సిద్ధాంతమును గ్రంథస్థము గావించి, 1990 సెప్టెంబరు 2వ తేదీన స్కాట్లండులోని స్కై ద్వీపమున ఆయన కన్నుమూసెను. నేడు రోగియైన బిడ్డ మంచముచెంత తల్లి కూర్చుండుట సహజముగా తోచుచున్నది. దాది వెడలిపోయిననాటి ఆ బాలుని దుఃఖము వృథా కాలేదు.