సిర్రోసిస్‌కు పేరుపెట్టిన లెనెక్

వైద్యుడనగానే మెడలో వేలాడే స్టెతస్కోపు గుర్తుకొస్తుంది. దాన్ని కనిపెట్టిన రెనే లెనెక్ పేరు చాలామంది వినే ఉంటారు. కాని కాలేయం గట్టిపడి, ముడుచుకుపోయే జబ్బుకు సిర్రోసిస్ అని నామకరణం చేసింది కూడా ఆయనేనని తెలిసినవారు తక్కువ.

లెనెక్ 1781 ఫిబ్రవరి 17న ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో, కెంపేర్ పట్టణంలో జన్మించారు. అయిదేళ్ళకే తల్లి పోయింది. నాంత్ నగరంలో వైద్యుడిగా ఉన్న తండ్రి సోదరుడు గియోమ్ ఆ పిల్లవాణ్ణి చేరదీశారు. ఫ్రెంచి విప్లవపు నెత్తుటి రోజుల్లో అక్కడి ఆస్పత్రుల్లోనే లెనెక్ వైద్యంలో ఓనమాలు దిద్దుకున్నారు. 1801లో పారిస్ చేరి కోర్విసార్ శిష్యులయ్యారు. మనిషి బక్కపలచన, ఆరోగ్యం అంతంత మాత్రం. పట్టుదల మాత్రం గట్టిది.

బతికుండగా రోగి ఒంట్లో కనిపించిన గుర్తులను, చనిపోయాక కోసిచూసిన అవయవాలతో సరిపోల్చడం ఆయన పద్ధతి. 1816లో గుండెజబ్బు లక్షణాలున్న ఒక యువతి వచ్చింది. ఆమె రొమ్ముకు నేరుగా చెవి ఆనించడం మర్యాద కాదనిపించి, కాగితాలను గొట్టంలా చుట్టి విన్నారు. గుండె చప్పుడు మునుపెన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది. తర్వాత కొయ్యగొట్టాలను స్వయంగా తయారుచేసుకున్నారు. నెకర్ ఆస్పత్రిలో మూడేళ్ళు పనిచేసి 1819లో తన మహాగ్రంథాన్ని వెలువరించారు.

ఆ గ్రంథంలోనే, ఛాతీ జబ్బుల నడుమ, ఒక అడుగు గమనికలో కాలేయం ప్రస్తావన వస్తుంది. కుంచించుకుపోయి, లోపలంతా పసుపు కలిసిన గోధుమరంగు గింజలతో నిండిన కాలేయాన్ని వర్ణించి, ఆ రంగును సూచించే గ్రీకు మాటతో జబ్బుకు పేరుపెట్టారు. అయితే ఆ గింజలు కొత్తగా పుట్టిన గడ్డలని ఆయన అనుకున్నారు. అది పొరపాటని తర్వాత తేలింది. పేరు మాత్రం నిలిచింది.

ఊపిరితిత్తులు లెనెక్‌తో మాట్లాడాయి, కాలేయం మాట్లాడలేదు. దాని సంగతి ఆయనకు తెలిసింది రోగి పోయాకనే. తన సంగతి మాత్రం ముందే తెలిసింది. 1826లో బంధువైన మెరియాడెక్ చేత తన ఛాతీని పరీక్ష చేయించుకున్నారు. అతను చెప్పిన చప్పుళ్ళను బట్టి అది క్షయ అని ఆయనకే అర్థమైపోయింది. ఆ ఏడు ఆగస్టు 13న, 45 ఏళ్ళకే కన్నుమూశారు. స్టెతస్కోపును మెరియాడెక్ పేర రాసిపోయారు.

మరి మాట్లాడని కాలేయం మాటేమిటి? సిర్రోసిస్ రోగికి ఎంత గడువుందో చెప్పే సాధనం రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. అది గొట్టం కాదు, లెక్క. 1964లో చైల్డ్, టర్కాట్ అనే అమెరికన్ సర్జన్లు, ఆపరేషనుకు తట్టుకోగలవారెవరో తేల్చడానికి రోగులను మూడు తరగతులు చేశారు. 1973లో లండన్‌లో ప్యూ బృందం దాన్ని సవరించింది. రక్తంలో బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేళ, పొట్టలో నీరు, మతి తప్పడం - ఈ అయిదింటికీ ఒకటి నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 5, 6 అయితే ‘ఎ’. 7 నుంచి 9 ‘బి’. 10 నుంచి 15 ‘సి’. మార్కులు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరిగినట్టు. మన పరీక్షలకు పూర్తిగా తిరగబడిన లెక్కన్నమాట!

అయితే పొట్టలో నీరు కొద్దిగా ఉందా, ఎక్కువగా ఉందా అన్నది చూసే డాక్టరును బట్టి మారుతుంది. 2000లో వచ్చిన మెల్డ్ లెక్క రక్తపరీక్షల అంకెల మీదే ఆధారపడింది. 2002 నుంచి అమెరికాలో, దానంగా వచ్చిన కాలేయం ముందు ఎవరికివ్వాలో నిర్ణయించడానికి దాన్నే వాడసాగారు. అంటే ఆ అంకె ఆయుష్షును చెప్పడమే కాదు, పంచడం కూడా మొదలుపెట్టింది. అక్కడే ఒక అన్యాయం బయటపడింది. స్త్రీలలో కండ తక్కువ కనుక రక్తంలో క్రియాటినిన్ తక్కువగా చూపుతుంది. జబ్బు ముదిరినా అంకె పెరగక, వాళ్ళు వరుసలో వెనకబడ్డారు. 2023లో ఆ లెక్కను సరిదిద్ది, స్త్రీలకు అదనపు మార్కులు చేర్చారు.

లెనెక్ పొరపాటును తర్వాతివాళ్ళు దిద్దారు. ఆ తర్వాతివాళ్ళ లెక్కల్నీ దిద్దవలసివచ్చింది. అంకె వందమంది రోగుల గురించి నిజం చెప్పగలదు. మంచం మీదున్న ఒక్కరి గురించి తెలియాలంటే మాత్రం, లెనెక్ లాగా దగ్గరకు వెళ్ళి, వంగి వినాల్సిందే.