ఆర్త్వా కోసం మూడవ రాబర్ట్ పోరాటం

1302 జులై 11న ఫ్లాండర్స్‌లోని కోర్ట్రే పట్టణం వెలుపల ఫ్రెంచి అశ్వికదళం నేత పనివారితో, సాధారణ పట్టణవాసులతో కూడిన కాల్బలం చేతిలో ఘోర పరాజయం పాలయింది. ఆ దళానికి నాయకుడైన ఆర్త్వా ప్రభువు రెండవ రాబర్ట్ రణరంగంలోనే నేలకొరిగాడు. ఆయనకు వారసుడు కావలసిన కుమారుడు ఫిలిప్, అంతకు నాలుగేళ్ల ముందే యుద్ధగాయాలతో కన్నుమూశాడు. వంశంలో మిగిలినవారిలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు కుమార్తె మహోత్. మరొకరు ఫిలిప్ కుమారుడు, 1287లో జన్మించిన పదిహేనేళ్ల మూడవ రాబర్ట్.

ఫ్రాన్సు ఉత్తర భాగంలోని ఆర్త్వా సంపన్నమైన సీమ. ఆరాస్, సెంట్‌ఒమేర్ పట్టణాల ఉన్నివస్త్రాలకు యూరప్ విపణుల్లో గిరాకీ ఉండేది. మరణించిన కుమారుని స్థానంలో మనుమడు నిలబడి వాటా కోరే హక్కును ఆ సీమ ఆచారం అంగీకరించదు. బతికి ఉన్న సంతానానికే ఆస్తి చెందుతుంది. మన దేశంలో మితాక్షర న్యాయం ప్రకారమైతే తండ్రి వాటా నిస్సందేహంగా కొడుకుకు దక్కేది. ఆర్త్వాలో మాత్రం సంస్థానం మేనత్త పరమైంది, మేనల్లుడు రిక్తహస్తాలతో మిగిలాడు.

రాబర్ట్ ఆ నిర్ణయాన్ని జీవితాంతం అంగీకరించలేదు. 1309లో రాజు నాలుగవ ఫిలిప్ మహోత్‌కు అనుకూలంగా తీర్పు చెప్పాడు. 1316లో ఆర్త్వా సామంతుల అసంతృప్తిని ఆసరా చేసుకుని రాబర్ట్ తిరుగుబాటు చేసినా, 1318లో మళ్లీ మేనత్త పక్షమే నెగ్గింది. ఆమె బలం సామాన్యమైనది కాదు. అప్పటి రాజు ఐదవ ఫిలిప్ ఆమెకు స్వయానా అల్లుడు. రాబర్ట్ కూడా రాజవంశానికి చెందిన వాలోయ్ కన్య జీన్‌ను వివాహమాడి తన పలుకుబడిని పెంచుకున్నాడు.

ఆ బాంధవ్యం 1328లో ఫలించింది. పుత్రసంతానం లేకుండా నాలుగవ చార్లెస్ మరణించగా, జీన్ సోదరుడు ఆరవ ఫిలిప్ సింహాసనమెక్కాడు. అందుకు గట్టిగా కృషి చేసినవారిలో రాబర్ట్ ఒకడు. కిరీటం స్త్రీకి గాని, స్త్రీ ద్వారా వచ్చిన వారసునికి గాని చెందదన్న వాదనతో, నాలుగవ ఫిలిప్ కుమార్తెకు కొడుకైన ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డ్‌ను పక్కన పెట్టారు. అదే రాజ్యంలో ఆర్త్వా మాత్రం ఒక స్త్రీ చేతిలోనే ఉంది. రాబర్ట్‌కు ఇది సహించరాని వైపరీత్యంగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు.

బావమరిది రాజు కావడంతో 1329లో రాబర్ట్ వ్యాజ్యాన్ని తిరగదోడాడు. తన తండ్రి వివాహ సమయంలోనే తాత ఆర్త్వాను ఆయనకు రాసి ఇచ్చాడనీ, ఆ పత్రాలను మేనత్త మనుషులు దాచేశారనీ అతని వాదన. విచారణ నడుస్తుండగా ఆ ఏడాది నవంబరులో మహోత్, 1330 జనవరిలో ఆమె కుమార్తె జీన్ మరణించారు. విషప్రయోగం జరిగిందన్న వదంతులు వ్యాపించాయి గాని, అవి రుజువు కాలేదు. రాబర్ట్‌ను కూల్చినది వదంతి కాదు, అతడు చూపిన పత్రాలే. పాత దస్తావేజుల నుంచి ఊడదీసిన లక్క ముద్రలను కొత్త రాతలకు అతికించినట్లు విచారణలో తేలింది. వాటిని సిద్ధం చేయించిన జీన్ ద దివియోన్ అనే స్త్రీని 1331లో పారిస్‌లో సజీవదహనం చేశారు. ఆమెను ఆశ్రయించిన ప్రభువు మాత్రం అప్పటికే పరారీలో ఉన్నాడు. 1332లో రాజు అతనికి దేశ బహిష్కారం విధించి, ఆస్తులన్నీ జప్తు చేశాడు. భార్య, పిల్లలు చెరసాల పాలయ్యారు.

బ్రబాంట్ తదితర ప్రాంతాల్లో తలదాచుకున్న రాబర్ట్ చివరకు ఇంగ్లండు చేరాడు. ఎడ్వర్డ్ అతణ్ని ఆదరించి కోటలు, వార్షిక భృతి ఇచ్చాడు. పిరికి పక్షిగా పేరున్న కొంగను వండించి ఎడ్వర్డ్ ముందు పెట్టి, యుద్ధానికి రెచ్చగొట్టాడని తరువాతి కాలపు కావ్యమొకటి వర్ణించింది. అది కవికల్పనే. అయితే రాజద్రోహికి ఆశ్రయమిచ్చాడన్న నేరం మోపి 1337 మేలో ఆరవ ఫిలిప్, ఎడ్వర్డ్ అధీనంలోని గుయెన్ సీమను జప్తు చేయడం చరిత్ర. గుయెన్ తగవు అంతకుముందు నుంచీ ఉన్నదే. రాబర్ట్ అందుకు ఒక సాకు అందించాడు. శతవర్ష సంగ్రామం అక్కడి నుంచి ఆరంభమైంది.

1340 జులైలో ఆంగ్లేయ, ఫ్లాండర్స్ సేనలతో రాబర్ట్ తన స్వస్థానమైన ఆర్త్వాలోకే దండెత్తి వచ్చాడు. సెంట్‌ఒమేర్ వద్ద అతణ్ని ఎదుర్కొన్నవాడు బర్గండీ డ్యూక్ ఓడో. మహోత్ మనుమరాలి భర్తగా అప్పటికి ఆర్త్వాను ఏలుతున్నది అతడే. రాబర్ట్ ఓడిపోయాడు. 1342లో బ్రిటనీలోని వాన్ వద్ద జరిగిన పోరులో గాయపడి మరణించాడు. మృతదేహాన్ని లండనుకు తరలించి ఖననం చేశారు.

అతని కుమారుడు జాన్‌కు తదుపరి ఫ్రెంచి రాజు ఆర్త్వాకు బదులు ఓ అనే మరో సంస్థానం ఇచ్చాడు. తండ్రి ఇంగ్లండు కొలువులో చనిపోగా, జాన్ ఫ్రాన్సు పక్షాన 1356లో పోయితియే యుద్ధంలో పోరాడి ఆంగ్లేయులకు బందీ అయ్యాడు. ఆర్త్వా మాత్రం మహోత్ సంతతిలోనే సాగి, 1384లో ఆ వంశపు ఆడపడుచు మార్గరెట్ ద్వారా బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఇంటికి చేరింది.