జపాన్‌లో పుట్టని సమురాయ్‌

పాతకాలపు జపాన్‌ వీరుడు ఎలా ఉండేవాడని అడిగితే సినిమా పిచ్చోళ్లు ముందుగా చూపించే ముఖం తొషిరో మిఫునేది. నలిగిన కిమోనో, నడుముకి కత్తి, భుజాలు కదిలిస్తూ నడిచే నడక. ఒక దేశ చరిత్రకే ముఖమైన ఆయన ఆ దేశంలో పుట్టలేదు. మనలాగే పొట్టచేత పట్టుకుని ఊరు దాటిన కుటుంబం వాళ్లది.

1920 ఏప్రిల్‌ 1న చైనాలోని చింగ్‌డావ్‌లో జపాన్‌ దంపతులకు పుట్టారు. పెరిగింది డాలియన్‌లో. తండ్రి ఫొటో స్టూడియోలో సాయం చేస్తూ కెమెరా పని నేర్చుకున్నారు. ఇరవై ఏళ్లకు సైన్యం పిలిచింది. ఫొటోలు వచ్చు కాబట్టి విమానాల నుంచి ఫొటోలు తీసే విభాగంలో వేశారు. 1945లో జపాన్‌ ఓడిపోయేనాటికి పెరిగిన ఊరు పరాయిదైంది, సొంత దేశంలో చేతిలో పని లేదు.

కెమెరా అసిస్టెంట్‌గానైనా పెట్టుకుంటారని 1946లో తోహో సంస్థకు వెళ్లారు. తీరా చూస్తే కొత్త నటుల ఎంపికలో నిలబడాల్సి వచ్చింది. ఒక పనికని వెళ్లి ఇంకో పనిలో కుదురుకోవడం మనలో ఎంతమందికి తెలియదు! కోపం నటించమంటే నిజంగానే రెచ్చిపోయారట. కొందరు వద్దన్నా దర్శకులు కజిరో యమమొతో, అకిరా కురోసావా ఆయన వైపు నిలిచారు.

1948 నుంచి 1965 దాకా కురోసావాతో 16 సినిమాలు చేశారు. వాటిలో 'రషోమాన్‌' 1951లో వెనిస్‌లో పెద్ద బహుమతి గెలిచింది. 1954 నాటి 'సెవెన్‌ సమురాయ్‌'లో ఆయనది రైతుబిడ్డ పాత్ర. ఎవరిదో వంశావళి కాగితం చూపించి తానూ సమురాయ్‌నేనంటాడు. అందరూ నవ్వుతారు. చివరికి ఊరికోసం ప్రాణమిస్తే ఆ వీరుల పక్కనే సమాధి దక్కుతుంది. 1957లో 'త్రోన్‌ ఆఫ్‌ బ్లడ్‌' కోసం విలుకాళ్లు ఆయన చుట్టూ నిజం బాణాలే వేశారు. తెరమీద కనపడే ఆ బెదురులో నటన కొంతే. 'యొజింబో' (1961), 'రెడ్‌ బియర్డ్‌' (1965) రెండింటికీ వెనిస్‌ ఉత్తమ నటుడి బహుమతి ఆయనదే.

ఆ తర్వాత ఇద్దరూ మళ్లీ కలిసి పనిచేయలేదు. అప్పటికే సొంత సంస్థ పెట్టారు. అది నడవాలంటే టీవీ సమురాయ్‌ సీరియళ్లూ చేయాలి, విదేశీ సినిమాలూ ఒప్పుకోవాలి. అక్కడ భాష అడ్డొచ్చింది. 1961లో మెక్సికో సినిమా కోసం స్పానిష్‌ మాటలు బట్టీపట్టారు. 1966లో 'గ్రాండ్‌ ప్రీ'లో ఇంగ్లీషు మాట్లాడారు. రెండుసార్లూ తెరమీద ముఖం ఆయనది, గొంతు వేరొకరిది. 1980లో అమెరికన్‌ టీవీ సీరియల్‌ 'షోగన్‌'లో మాత్రం తన భాషలో, తన గొంతుతోనే జపాన్‌ ప్రభువుగా కనిపించారు. అమెరికా ఇంటింటా చూసింది.

1997 డిసెంబర్‌ 24న టోక్యోలో కన్నుమూశారు. 2016లో హాలీవుడ్‌ వీధిలో ఆయన పేరిట నక్షత్రం వెలిసింది. కెమెరా వెనక పని అడగడానికి వచ్చిన మనిషి దాదాపు యాభై ఏళ్లు కెమెరా ముందే ఉండిపోయారు.