మాడపాటి వారి విద్యాసేవ

ఎల్దుర్తి మెదకు సీమలోని యొక యూరు. నిజాము పాలనమున నిట్టి యూళ్ల తెలుగు పిల్లలు ఇంట నొక భాష మాటలాడుచు, పై తరగతులకు బోయినకొలది వేరొక భాషలో పాఠములు నేర్వవలసి వచ్చెడిది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉరుదూనే బోధనభాషగా గైకొనెను. మగపిల్లలకే దుర్గమమైన యీ మార్గము బాలికల కెట్లు సుగమమగును? ఈ ప్రశ్నకు మాటలతో గాక చేతలతో సమాధానము చెప్పినవారు మాడపాటి హనుమంతరావు పంతులుగారు. వారి చరిత్రమును మా పాఠకులకు జ్ఞప్తి చేయ దలంచితిమి.

పంతులుగారు 1885లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాయందు జన్మించి, నిజాము రాష్ట్రమున పెరిగి, హనుమకొండలో విద్యాశాఖయందు చిరుద్యోగము చేసిరి. పిమ్మట హైదరాబాదున న్యాయవాదియైరి. ఉరుదూ, పారసీకములందు వారికి చక్కని ప్రవేశము గలదు. కావున వారి యుద్యమము పరభాషాద్వేషమున పుట్టినది కాదని మేము గట్టిగా చెప్పగలము.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు మహర్షి కార్వే అధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగెను. అచ్చట ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజన సంఘము పుట్టెను. పంతులుగారు దానికి ప్రాణమైరి. గ్రంథాలయములు, పాఠశాలలు స్థాపించుట సంఘమునకు ముఖ్యకార్యములయ్యెను.

1928లో హైదరాబాదున తెలుగు బాలికల పాఠశాల వెలసెను. బోధన తెలుగున జరుగుటచే స్థానిక విశ్వవిద్యాలయము దానిని గుర్తింపదయ్యెను. గుర్తింపులేని చదువునకు పరీక్ష లేదు. పరీక్షలేని చదువునకు ముందుదారి లేదు. పంతులుగారు నిరుత్సాహపడక, కార్వే మహాశయుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు పాఠశాలను అనుబంధింపజేసిరి. ఏ మహనీయుని సభలో తెలుగు పరాభవము నొందెనో, ఆయన విద్యాపీఠమే తెలుగు బాలికల కాశ్రయమగుట గమనింపదగిన విశేషము.

1930లో మెదకు జిల్లా జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు గూడెను. నగరమున వెలిగిన దీపపు కాంతి మెదకు పల్లెలను గూడ తాకజొచ్చెను.

పంతులుగారి మితవాదమును పిన్నలు పలువురు విమర్శించిరి. ప్రభుత్వమునకు విన్నపములు పంపుట చాలదని వారు పలికిన పలుకున సత్యము లేకపోలేదు. నగరమందలి యొక్క పాఠశాల ఎల్దుర్తి వంటి యూళ్ల బాలికలందరికి చాలదనుటయు నిజమే. కాని విన్నపము ఫలింపని చోట చేతులు ముడుచుకొనక, మరియొక తలుపు తట్టిన కార్యదక్షతను మేము శ్లాఘింపకుండ లేము.

1951లో హైదరాబాదు నగరాధ్యక్షపదవి, 1955లో పద్మభూషణ బిరుదము వారిని వరించెను. 1970లో వారు పరమపదించిరి. పాఠశాల వారి పేరు దాల్చెను. పదవులకంటె నిదియే శాశ్వత కీర్తి. పల్లెబడి ముగించిన బాలిక ఉన్నత పాఠశాల గడప దాటుటకు భాషగాని, దూరముగాని, పేదరికముగాని యడ్డు నిలిచినంతకాలము పంతులుగారి పని ముగియలేదని మా యభిప్రాయము.